పొట్ట కోసే డాక్టర్ని ఎట్లా వెతుక్కున్నానంటే



ఇన్నాళ్లూ ఇక్కడ మిర్చి, పురుగు మందులు, యార్డు ధరలు, డీలర్ల సంగతులు రాసుకుంటూ వచ్చా. ఈరోజు నా పొట్ట గురించి రాస్తున్నా. పోయిన నెల ఖమ్మం మిర్చి యార్డులో కలిసిన వాళ్లలో సగం మంది నన్ను గుర్తు పట్టలేదు. పట్టినవాళ్లు పక్కకు పిలిచి "ఏమన్నా పెద్ద రోగమా అన్నా?" అని అడిగారు. రోగం కాదు, ఆపరేషన్. పేరు డ్యుయోడినల్ స్విచ్. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ ఒకేసారి రాస్తున్నా. పోస్టు పెద్దది. మోటరు పెట్టి గట్టు మీద కూర్చున్నప్పుడు తీరిగ్గా చదవండి.

ముందే ఒక మాట. ఈ ఆపరేషన్ చేయించుకోమని నేను ఎవరికీ చెప్పడం లేదు. చేయించుకోవాలని అనుకునేవాళ్లు డాక్టర్ని ఎట్లా చూసుకోవాలో, నేను ఎక్కడ మోసపోబోయానో అది మాత్రమే చెప్తున్నా.

2023 ఫిబ్రవరిలో కల్లంలో మిర్చి బస్తాలు తూకం వేస్తున్నాం. ముఠా మేస్త్రీ సరదాకి "నువ్వూ ఎక్కన్నా, చూద్దాం" అన్నాడు. ఇంట్లో బరువు మిషన్ 130 కిలోల దాకే చూపిస్తది, నేను ఎక్కితే గీతలు గీతలు వచ్చి ఆగిపోయేది. అందుకని రెండేళ్లుగా నా బరువెంతో నాకే తెలియదు. కాంటా ఎక్కితే 148 వచ్చింది. మూడు బస్తాలు దాటి. అందరూ నవ్వారు, నేనూ నవ్వా. మా ఇంటామె ఒక్కతే నవ్వలేదు.

అప్పటికి నా సంగతి ఇది. వయసు 46. షుగర్‌కు రోజూ 64 యూనిట్ల ఇన్సులిన్. మూడు నెలల షుగర్ సగటు 10.8. రాత్రి గురకలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవాణ్ణి, పగలు ట్రాక్టరు మీదే కునుకు పట్టేది. ఒకసారి దమ్ము చేస్తూ నిద్రపోయి పక్కోళ్ల గట్టు తెగ్గొట్టా. మోకాళ్ల వల్ల సాళ్లలో నడవలేక, గట్టు మీద కుర్చీ వేసుకుని కూలీలకు చెప్పేవాణ్ణి. "తిండి తగ్గించు, పని చెయ్యి, అదే తగ్గుద్ది" అని చెప్పనోళ్లు లేరు. రెండుసార్లు తగ్గించా కూడా. ఒకసారి 14 కిలోలు తగ్గి ఏడాదిలో 18 పెరిగా. తిండి విషయంలో నా తప్పు లేదని అనను. కానీ ఆ బరువులో ఒంట్లోని ఆకలి మన మాట వినదు. ఆ సంగతి ఆ బరువు మోసినోడికి తెలుస్తది.

మిర్చి అమ్మాక హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆసుపత్రికి పోయా. పేరు రాయను. రోడ్డు మీద పెద్ద బోర్డు, దాని మీద ముందు లావు, తర్వాత సన్నం ఫొటోలు. ఫోన్ చేస్తే డాక్టరు కాదు, కోఆర్డినేటర్ అనే అమ్మాయి మాట్లాడింది. ఉగాది ఆఫర్ నెలాఖరు దాకా పొడిగించామంది. ఆసుపత్రిలో కూడా ఆమెతోనే ముప్పావు గంట. డాక్టరుతో ఏడు నిమిషాలు. గడియారం చూసి చెప్తున్నా. ఆయన నా రిపోర్టులు తిప్పేసి "స్లీవ్ చేద్దాం. లేదంటే స్విచ్ చేద్దాం, అందులో ఇంకా బాగా తగ్గుతారు, షుగర్ కూడా పోతుంది. లక్షన్నర ఎక్కువ అవుతుంది" అన్నాడు. అంతే. మామూలు రకం వద్దనుకుంటే హైబ్రిడ్ తీసుకో, ప్యాకెట్‌కు రెండొందలు ఎక్కువ అన్నట్టు చెప్పాడు.

నాకు ఆ మాటే నచ్చింది. నిజం చెప్తున్నా. రేటు ఎక్కువైతే మంచిదేమో అనుకున్నా. అడ్వాన్స్ 50 వేలు కట్టడానికి కౌంటర్ దగ్గర నిలబడ్డా. మా ఇంటామె చెయ్యి పట్టుకుని బయటకు తీసుకొచ్చింది. "ఎడ్లు కొనేటప్పుడు పళ్లు చూస్తవు, నడక చూస్తవు, నాలుగూళ్లు తిరుగుతవు. పొట్ట కోసేటాయనని ఏం చూసినవ్?" అంది. కోపం వచ్చింది. బస్సులో ఖమ్మం దాకా ఆమెతో మాట్లాడలేదు.

మీకు 2021-22 సీజన్ గుర్తుండే ఉంటది. నల్ల తామర పురుగు పడి పూత మొత్తం మాడిపోయింది. ఆ ఏడాది ప్రతి షాపులోనూ దానికి మందు ఉంది. ఒక్కొక్కడు మూడేసి డబ్బాలు కలిపి ఇచ్చాడు. తోటలోకి దిగి పువ్వు దులిపి చూసినోడు ఎవరు? ఇంటికొచ్చాక రాత్రి నాకు అదే తిరిగింది మనసులో. నా తోట పోతే పోయింది, మళ్లీ వేసుకున్నా. పొట్ట మళ్లీ వేసుకునేది కాదు.

మా మేనల్లుడు ఫార్మసీ చదువుతున్నాడు. వాణ్ణి కూర్చోబెట్టి ఈ స్విచ్ అంటే ఏంటో చదివించుకున్నా. నాకు అర్థమైన భాషలో చెప్తా.

ఇది రెండు పనులు కలిపిన ఆపరేషన్. మొదటిది, సంచిలా ఉన్న కడుపుని నిలువుగా కోసి అరటికాయంత గొట్టం మిగులుస్తారు. దాన్నే విడిగా చేస్తే స్లీవ్ అంటారు, మన దేశంలో ఎక్కువగా జరిగేది అదే. రెండోది పేగు పని. కడుపు కింద ఉండే తూము లాంటి కవాటాన్ని అట్లాగే ఉంచి, దాని కిందనే చిన్నపేగు మొదటి భాగాన్ని కోస్తారు. ఆ భాగం పేరే డ్యుయోడినమ్. కింద నుంచి పేగుని పైకి తెచ్చి అక్కడ అతుకుతారు. ఇక తిండి ఒక కాలువలో పోతది, పైత్యరసం, క్లోమరసం ఇంకో కాలువలో పోతాయి. రెండూ కలిసేది చివర్లో, సుమారు ఒక మీటరు పేగులో. దాన్ని కామన్ ఛానల్ అంటారు. చిన్నపేగు మనిషికో పొడవు ఉంటది, సుమారు 6 మీటర్లు అనుకోండి. తిండి పూర్తిగా అరిగి ఒంటికి పట్టేది ఆ చివరి మీటరులోనే అన్నమాట. సాగర్ ఎడమ కాలువ చివరి భూముల వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, పైన ఎంత వదిలినా చివరికి ఎంత అందుతదో.

కొవ్వు సరిగా పట్టదు కాబట్టి బరువు తగ్గుతది. షుగర్ మీద మిగతా ఆపరేషన్ల కంటే గట్టిగా పనిచేస్తది. కానీ కొవ్వులో కరిగే విటమిన్లు నాలుగు ఉన్నాయి, ఏ, డీ, ఈ, కే. కొవ్వుతో పాటు అవీ బయటకు పోతాయి. కాల్షియం, ఐరన్ తక్కువ పడతాయి. ప్రోటీన్ కూడా. అందుకని బతికినంత కాలం మాత్రలు, బతికినంత కాలం రక్త పరీక్షలు. ఈ ముక్క ఆ ఏడు నిమిషాల్లో ఆయన చెప్పలేదు. కోఆర్డినేటర్ "కొన్నాళ్లు విటమిన్లు వాడాలి సార్" అంది.

దీనికి ముందు రూపం ఇటలీలో జెనోవా ఊళ్లో స్కోపినారో అనే సర్జన్ 1970ల్లో మొదలుపెట్టాడు. ఇప్పుడున్న స్విచ్ రూపాన్ని అమెరికాలో డగ్లస్ హెస్ 1988లో చేశాడు. కెనడాలో క్యుబెక్ వాళ్లూ ఆ దారిలోనే పనిచేశారు. చిన్న రంధ్రాల నుంచి లాప్రోస్కోపీతో మిషెల్ గాన్యే 1999లో చేశాడు. 2007లో మాడ్రిడ్ వాళ్లు రెండు అతుకుల బదులు ఒకే అతుకుతో ఇంకో రకం తెచ్చారు, దాన్ని సాడీ అంటారు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, కొత్త వింత కాదు, ఇన్నేళ్లుగా ఉన్నదే. అయినా ప్రపంచంలో జరిగే బరువు ఆపరేషన్లలో ఇది చాలా కొద్ది వంతు. ఎందుకంటే చెయ్యడం కష్టం. ఆ డ్యుయోడినమ్ పక్కనే క్లోమం, పైత్యనాళం, పెద్ద రక్తనాళాలు ఉంటాయి. వెయ్యి స్లీవ్‌లు చేసిన చెయ్యి కూడా ఇక్కడ కొత్త చెయ్యే కావచ్చు.

రెండో డాక్టరు దగ్గరికి ఆ ప్రశ్నతోనే పోయా. "సార్, స్విచ్‌లు మీ చేతి మీద ఎన్ని?" ఆయన కళ్లజోడు తీసి "నేను స్విచ్ చెయ్యను. స్లీవ్, బైపాస్ చేస్తా. మీకు బైపాస్ చెయ్యొచ్చు. స్విచ్చే కావాలంటే చేసేవాళ్ల దగ్గరికి పోండి" అన్నాడు. అప్పుడు నాకు చిన్నతనం అనిపించింది, 600 రూపాయలు ఫీజు దండగ అనుకున్నా. ఇప్పుడు ఆలోచిస్తే ఆ మనిషికి దండం పెట్టాలి. రాని పని రాదని చెప్పిన మెకానిక్‌ని నేను నా జీవితంలో ఇద్దర్నే చూశా.

అదే ప్రశ్న మొదటి ఆసుపత్రికి ఫోన్ చేసి అడిగా. "మా సార్ 3 వేలకు పైగా సర్జరీలు చేశారు" అంది ఆ అమ్మాయి. అవన్నీ కాదమ్మా, స్విచ్‌లు ఎన్ని అన్నా. మళ్లీ 3 వేలే చెప్పింది. మూడోసారి అడిగితే సార్‌తో మాట్లాడి చెప్తానంది. ఇంతవరకూ చెప్పలేదు.

ఇప్పుడు మా చిన్నమ్మ కొడుకు సంగతి. వాడు సూర్యాపేట వైపు ఉంటాడు, నాకంటే ఆరేళ్లు చిన్న. వాడు అడగమంటేనే ఇది రాస్తున్నా, పేరు లేకుండా. 2019లో వాడు హఠాత్తుగా సన్నబడ్డాడు. అందరం కిడ్నీలు పోయాయనుకున్నాం. వాడు ఏమీ చెప్పలేదు. నేను ఫోన్లో "స్విచ్ అంట్రా, చేయించుకుందామని చూస్తున్నా" అన్నప్పుడు అవతల చాలాసేపు మాట లేదు. తర్వాతి రోజు పొద్దున్నే బండేసుకుని వచ్చాడు. చొక్కా ఎత్తి పొట్ట మీద మచ్చలు చూపించాడు.

వాడికీ అదే ఆపరేషన్. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. మొదటి ఏడాది బాగానే ఉంది. తర్వాత కరోనా వచ్చింది, పరీక్షలకు పోలేదు. ఈలోగా చేసిన సర్జన్ ఆ ఆసుపత్రి వదిలి వేరే రాష్ట్రం పోయాడు. వీడు ఫోన్ చేస్తే ఆసుపత్రి వాళ్లు ఆ ఫైలు వెతకాలన్నారు. మాత్రలు ఖరీదని ఒకటొకటే మానేశాడు. ఒకరోజు పొద్దుగూకినాక మోటరు బంద్ చెయ్యడానికి పోయి, రోజూ నడిచే గట్టు కనపడక కాలువలో పడ్డాడు. రేచీకటి. విటమిన్ ఏ అడుగంటింది. ఊళ్లో అద్దాలు పెట్టించుకోమన్నారు. తర్వాత కాళ్లు వాచాయి, వేలితో నొక్కితే గుంట పడేది. ఊళ్లో ఆర్‌ఎంపీ ఒంట్లో నీరు చేరిందని నీటి మాత్రలు ఇచ్చాడు. ఒంట్లో ప్రోటీన్ లేక వచ్చిన వాపు అది. అన్నం తింటూనే మనిషి ఆకలికి చచ్చేవాడు. వాడి భార్య కాళ్లావేళ్లా పడి 2022లో హైదరాబాద్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. ఆమె మూడు వారాలు నరం ద్వారా పోషకాలు ఎక్కించి, మనిషి నిలబడ్డాక మళ్లీ ఆపరేషన్ చేసి ఆ కామన్ ఛానల్ పొడవు పెంచింది. 75 సెంటీమీటర్లే వదిలారంట మొదట.

"నువ్వు చేయించుకుంటే వద్దనను అన్నా. కానీ ఆమె దగ్గరికి పోకుండా చేయించుకోకు" అన్నాడు.

2023 అక్టోబర్‌లో పోయా. చిన్న ఆసుపత్రి కాదు, పెద్దదీ కాదు. బయట ఫొటోలు లేవు. గంటంబావు కూర్చోబెట్టింది. ముందు మా తమ్ముడి సంగతి ఎత్తి, మొదట చేసిన డాక్టరు పాడు చేశాడు కదమ్మా అన్నా. "కోత బాగానే కోశారు. కుట్లు కూడా చక్కగా ఉన్నాయి. తర్వాత ఎవరూ చూడలేదు, అంతే" అంది. ఇంకో డాక్టర్ని ఒక్క మాట అనలేదు. నాకు ఆ మాటతో లెక్క మొత్తం మారిపోయింది. నేను అప్పటిదాకా మంచి చెయ్యి కోసం వెతుకుతున్నా. మంచి చెయ్యి వాడికీ దొరికింది కదా!

నా ప్రశ్నలు చీటీ మీద రాసుకుపోయా. ఎన్ని చేశారమ్మా అంటే, "స్విచ్, సాడీ కలిపి నా చేతి మీద 41. ఇద్దరికి అతుకు దగ్గర లీకు అయింది. ఒకరిని మళ్లీ తెరిచా, నెల రోజులు ఐసీయూలో ఉన్నారు. ఎవరూ పోలేదు. కానీ 41 చిన్న సంఖ్య, దాన్ని చూసి ధైర్యం తెచ్చుకోవద్దు" అంది. రాత్రి రెండింటికి నాకు రక్తం కారితే ఎవరొస్తారని అడిగా. తనతో పాటు ఇంకో సర్జన్ పేరు చెప్పి ఆయన్ని గదిలోకి పిలిచి చూపించింది. మీరు ఈ ఆసుపత్రి వదిలేస్తే అని అడిగా. కొంచెం ఆగి, "ఆపరేషన్ నోటు మొత్తం మీ చేతికిస్తా, పేగు ఎంత కొలిచానో, ఎంత వదిలానో సెంటీమీటర్లతో సహా. ఏ డాక్టరు చదివినా అర్థం కావాలి" అంది. మా తమ్ముడి దగ్గర ఆ కాగితం ఉంటే రెండేళ్లు కలిసొచ్చేది.

ఇక ఆమె ప్రశ్నలు. వీటికి నేను తయారై పోలేదు.

మీ ఊరికి దగ్గర్లో రక్తం తీసే ల్యాబ్ ఎంత దూరం? గుడ్డు, మాంసం, పాలు తింటారా? రోజుకు 90 గ్రాముల దాకా ప్రోటీన్ తినాలంది. గుడ్డుకు 6 గ్రాములు, లెక్కేసుకుంటే 15 గుడ్లు. గుడ్లతోనే కాదులే, పాలు, పప్పు, చికెన్, పొడి అన్నీ కలిపి అంది. పొలం దగ్గర మరుగుదొడ్డి ఉందా అని అడిగింది. నేను నవ్వా. ఆమె నవ్వలేదు. రోజుకు మూడు నాలుగుసార్లు పోవాల్సి రావచ్చు, గ్యాస్ వాసన ఇంట్లో వాళ్లు భరించాలి, మిర్చి ఏరే కూలీల మధ్య ఏం చేస్తారు అంది. ఏ బోర్డు మీదా రాయని విషయం ఇది. రైతుకి మాత్రం ఇదే మొదటి విషయం. ఆపరేషన్‌కు ముందే బోరు దగ్గర 28 వేలు పెట్టి చిన్న గది కట్టించా. ఇప్పుడు ఆడకూలీలకు కూడా పనికొస్తుంది, అది ఎప్పుడో కట్టాల్సింది.

తర్వాత ఈ మాట అడిగింది. "మాత్రలకు నెలకు మూడు వేల దాకా అవుతుంది. జీవితాంతం. పంట పోయిన ఏడాది ఆ మూడు వేలు ఎక్కడి నుంచి తెస్తారు?"

నాకు నోట మాట రాలేదు. పంట పోయిన ఏడాది మనం ముందు ఆపేది ఏంటి? మన మందులే. పిల్లల ఫీజు ఆపం, వడ్డీ ఆపం, పశువు దాణా ఆపం. మన బీపీ మాత్ర ఆపుతాం. ఆమెకు ఈ సంగతి తెలుసు. ఇట్లా ఆపిన మనిషినే ఆమె మూడు వారాలు బతికించుకుంది.

మా ఇంటామె చెప్పింది సమాధానం. "రెండు బర్రెలున్నయమ్మా. ఒక బర్రె పాల పైసలు దానికే. ఆయన చేతికియ్య, మందుల షాపులనే కడత." డాక్టరమ్మ ఆ మాట ఫైల్లో రాసుకుంది. నేను చూశా.

అయినా సరే అనలేదు. సిగరెట్ పూర్తిగా మానాలి, మానాక మూడు నెలలు ఆగాలి. నిద్ర పరీక్ష చేయించి రాత్రి పెట్టుకునే మిషన్ వాడాలి. ఎండోస్కోపీ, గుండె పరీక్ష, డైటీషియన్, మనసు డాక్టరు. విటమిన్ డి అప్పుడే తక్కువుంది, ముందు అది పెంచాలి. మిర్చి ఏరుడు అయ్యాకే ఆపరేషన్, ఆ తర్వాత నెలన్నర బస్తా ముట్టకూడదు. ఇద్దరు పాత పేషెంట్లతో వాళ్ల ఒప్పుకోలుతో మాట్లాడించింది. ఒకాయన బాగా ఉన్నాడు. రెండో ఆమె లీకు అయిన మనిషి! కావాలనే ఆమెతో మాట్లాడించింది. ఆమె నాతో అరగంట మాట్లాడి, నొప్పి గురించి, పైపుల గురించి దాచకుండా చెప్పి, చివర్లో "మళ్లీ ఈమె దగ్గరే చేయించుకుంటా" అంది.

ఇంకో రెండు మాటలు చెప్పింది, అవి కూడా రాస్తా. "లోపల చూశాక లివరు పెద్దగా ఉండి కష్టమనిపిస్తే స్లీవ్ ఒక్కటే చేసి ఆపేస్తా. పేగు పని ఏడాది తర్వాత చూద్దాం. లేచాక నాతో కొట్లాడొద్దు." అట్లా ఆపగలిగే డాక్టరు కావాలి. డబ్బులు తీసుకున్నాం కాబట్టి పూర్తి చేసి తీరాలి అనుకునేవాళ్లు కాదు. రెండోది, కామన్ ఛానల్ మీటరు కాకుండా మీకు మీటరున్నర వదులుతా అంది. కొన్ని కిలోలు తక్కువ తగ్గొచ్చు, కానీ సిటీ వాళ్లలా నెలకోసారి వచ్చే మనిషివి కాదు నువ్వు అంది. నన్ను చూసి కొలత మార్చిన మొదటి డాక్టరు ఆమె.

డబ్బు సంగతి అడుగుతారు మీరు. అన్నీ కలిపి నాకు 6 లక్షల 40 వేలు. ఇన్సూరెన్స్ ఏజెంటు బరువు ఆపరేషన్లకు రాదు పొమ్మన్నాడు. అది తప్పు. పాలసీల్లో నిబంధన ఏంటంటే, 18 ఏళ్లు దాటాలి, డాక్టరు సలహా ఉండాలి, బీఎంఐ 40 గానీ, లేదా 35 దాటి తీవ్రమైన గుండె జబ్బు, తీవ్రమైన నిద్ర ఊపిరి సమస్య, అదుపు తప్పిన షుగర్ లాంటివి గానీ ఉండాలి, వేరే పద్ధతులు ప్రయత్నించి ఫలితం రాక ఉండాలి. నా బీఎంఐ 52. పాలసీ కొత్తదైతే వెయిటింగ్ పీరియడ్ ఉంటది, మీ కాగితం మీరే చదువుకోండి. నా పాత డైటు చీటీలు, షుగర్ రిపోర్టులు పారెయ్యకుండా ఉండటం వల్ల 4 లక్షలు వచ్చాయి. మిగతాది మిర్చి డబ్బు. ఇన్సూరెన్స్ వాళ్ల లెక్క వేరు, డాక్టర్ల లెక్క వేరు అని గుర్తుంచుకోండి. మన దేశంలో ఈ సర్జన్ల సంఘం వాళ్లు ఇన్సూరెన్స్ లెక్క కంటే తక్కువ బీఎంఐ దగ్గర నుంచే ఆపరేషన్ ఆలోచించొచ్చు అంటారు. అంటే ఏదో ఒక ఆపరేషన్. స్విచ్ గురించి కాదు.

డాక్టరు చదువు చూడాలంటే నేషనల్ మెడికల్ కమిషన్ వాళ్ల ఇండియన్ మెడికల్ రిజిస్టర్ ఆన్‌లైన్‌లో ఉంది. పేరు కొడితే డిగ్రీలు వస్తాయి. మా మేనల్లుడు ముగ్గురివీ చూశాడు, ముగ్గురివీ నిజమైన డిగ్రీలే. కాబట్టి దాంతో పని అయిపోదు. దొంగ డాక్టరు కాదని తెలుస్తది, అంతవరకే.

2024 మే నెలలో ఆపరేషన్ అయింది. నాలుగు గంటలు పట్టింది. ఆ సాయంత్రమే లేపి నడిపించారు, కాళ్లలో రక్తం గడ్డ కట్టకూడదని. ఐదో రోజు ఇంటికి. నెల రోజులు ముందు నీళ్లు, తర్వాత పలచటివి, తర్వాత మెత్తటివి. దాని గురించి పెద్దగా రాసేదేం లేదు. ఇన్సులిన్ రెండో వారానికి ఆగిపోయింది.

రాయాల్సింది తర్వాతి ఫిబ్రవరి గురించి. 2025 ఏరుడు సీజన్. కూలీలు దొరకక, కల్లంలో కాయ, మబ్బులు పట్టి వాన భయం, రాత్రిళ్లు పట్టాలు కప్పడం. ఐరన్ పొద్దున, కాల్షియం దానికి రెండు గంటల ఎడంతో, మిగతావి తిన్నాక, ఇట్లా రోజుకు అయిదు పూటల మాత్రలు. ముందు మధ్యాహ్నం డబ్బా మర్చిపోయా. తర్వాత మొత్తం డబ్బానే ఇంట్లో వదిలేశా. నెల పదిహేను రోజులు. మా ఇంటామె షాపులో డబ్బు కడుతూనే ఉంది, మాత్రలు బీరువాలో పేరుకుంటున్నాయి. నేను దాచిపెట్టా, ఆమెకు తెలియదు.

మార్చి మొదటి వారం రక్తం ఇవ్వాలి, ఇవ్వలేదు. తొమ్మిదో రోజు డాక్టరమ్మ దగ్గరి డైటీషియన్ ఫోన్ చేసింది. పని ఉందమ్మా, వచ్చే నెల ఇస్తా అన్నా. రెండు రోజులకు మళ్లీ చేసింది. మూడోసారి డాక్టరమ్మే చేసింది. "రాత్రి గట్టు కనపడుతోందా?" అని అడిగింది. ఇంకేమీ అడగలేదు. ఆ రాత్రి నేను టార్చి లేకుండా బయటికి పోయి చూసుకున్నా. కనపడుతోంది. కానీ చేతులు వణికాయి. పొద్దున ఖమ్మం పోయి రక్తం ఇచ్చా. విటమిన్ డి పడిపోయింది, ఎముకల నుంచి కాల్షియం లాగడం మొదలైందని ఇంకో పరీక్షలో వచ్చింది. ఏ ఇంకా అంచున ఉంది. మూడు నెలలు ఎక్కువ మోతాదు వేసి దారిలోకి తెచ్చారు. బీరువాలో మాత్రలు దొరికినప్పుడు మా ఇంటామె ఏమందో ఇక్కడ రాయలేను.

ఆ మూడు ఫోన్లు రాకపోతే ఏమయ్యేదో మా తమ్ముణ్ణి చూస్తే తెలుస్తది. ఆసుపత్రికి పోయినప్పుడు ఇదీ అడగండి. పేషెంటు పరీక్షకు రాకపోతే మీరు ఏం చేస్తారు అని. "రమ్మని చెప్తాం" అంటే సరిపోదు. ఎవరు ఫోన్ చేస్తారు, ఏ నంబరు నుంచి, ఎన్నిసార్లు అని అడగండి. మా డైటీషియన్ దగ్గర ఒక లావు పుస్తకం ఉంది, మన కూలీల హాజరు పుస్తకం లాంటిది. అందులో నా పేరు పక్కన ఎర్ర పెన్నుతో గీత ఉంది, మొన్న చూశా.

ఇప్పుడు 91 కిలోలున్నా. షుగర్ సగటు 5.7. ట్రాక్టరు మీద నిద్ర రావట్లేదు. వేళ్లతో పాటు చర్మం కూడా వేలాడుతోంది, అందం ఏమీ లేదు. పెళ్లి భోజనాల్లో కూర్చోవాలంటే ఇబ్బందే, నూనె వంట తింటే ఆ రోజంతా బోరు దగ్గర గదే గతి. రెండు మూడు నెలలు జుట్టు ఊడింది, మళ్లీ వచ్చింది.

కామెంట్లలో ఎట్లాగూ అడుగుతారు కాబట్టి, 2025 నుంచి మన దేశంలో మౌంజారో లాంటి వారానికోసారి ఇంజెక్షన్లు వచ్చాయి. నా ఆపరేషన్ అప్పటికే అయిపోయింది. మొన్న డాక్టరమ్మని అడిగితే, ఇప్పుడైతే మీలాంటి వాళ్లకు కూడా దాని గురించి ముందు మాట్లాడతా, అయినా మీ బరువుకి ఆపరేషన్ మాట ఉండేది అంది. మీ డాక్టర్ని అడగండి, నన్ను కాదు.

డాక్టరమ్మ పేరు ఇక్కడ అడగొద్దు. పేరు పెడతా అంటే ఆమే వద్దంది. "పేరు చూసి వచ్చేస్తారు, ప్రశ్నలు తేరు" అంది. మా తమ్ముడు పోస్టు చదివి, కాలువలో పడ్డ సంగతి ఉంచమన్నాడు, పొట్ట ఫొటో మాత్రం వద్దన్నాడు.

వచ్చే మంగళవారం రక్తం ఇవ్వడానికి ఖమ్మం వస్తున్నా. పది గంటల తర్వాత యార్డులో ఉంటా. మాట్లాడాలనుకునేవాళ్లు ఇంట్లో ఆడవాళ్లని కూడా తీసుకురండి. పట్టాలు మంచివి ఎక్కడ దొరుకుతున్నాయో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, పోయినసారి కొన్నవి ఒక్క సీజన్‌కే చిరిగిపోయాయి.